బుధవారమే బయల్దేరిన సంచి

భువనేశ్వరికి ఒక పని చేయాలని తోచిందంటే అది సగం అయిపోయినట్టే. మిగతా సగం, ఆ సంగతి ఎదుటివాళ్ళకి తెలియజేయడం. జార్జి టౌన్‌లో కర్పూరం, సాంబ్రాణి, అగరువత్తులు హోల్‌సేలుగా అమ్మే బాలసుందరానికి ఆమె భార్య. కింద అంగడి, మీద కాపురం. ఎవరి పెళ్ళికి ఏ పట్టుచీర పెట్టాలన్న దగ్గర్నుంచి ఏ గదికి ఏ రంగు సున్నం వేయాలన్నదాకా ఆ మేడమీద జరిగినవన్నీ ఆవిడ తలలోంచి పుట్టినవే. తన లెక్క తప్పుతుందేమోనన్న అనుమానం ఆవిడకి సాధారణంగా రాదు. వచ్చినా ఎక్కువసేపు నిలవదు.

ఈసారి ఆవిడకి తోచింది మహాబలిపురం. శనివారం పొద్దున బయల్దేరి, సముద్రం ఒడ్డున ఏదైనా రిసార్టులో దిగి, ఆదివారం కూడా అక్కడే గడిపి, సోమవారం అంగడి తెరిచే వేళకి వచ్చేయడం. ఇందులో వింతేముంది, శనివారం వచ్చిందంటే మద్రాసులో సగం మంది ఆ రోడ్డు మీదే ఉంటారు కదా అనవచ్చు. కాని ఆ ఇంట్లో గుడికో పెళ్ళికో తప్ప ప్రయాణం అన్న మాటే లేదు. ఊరికే పోయి, ఊరికే కూర్చుని, ఊరికే తిరిగి రావడానికి డబ్బిచ్చే మనుషులు కారు వాళ్ళు. అదీగాక భువనేశ్వరి తీసుకోదలచింది ఒక రూము కాదు, రెండు. రెండోది ఆమె మరిది దామోదరానికీ తోడికోడలు పుష్పవల్లికీ. అసలు సంగతి అక్కడ ఉంది.

అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది. ఆస్తి దగ్గర కాదు. పంపకం నోరు లేవకుండానే జరిగిపోయింది. దామోదరం టి. నగర్‌లో, పాండీ బజారు పక్కన, గాజు తలుపులూ ఏసీ పెట్టి పూజా సామాన్ల షాపు తెరుస్తానన్నాడు. మనం హోల్‌సేలు మనుషులం, చిల్లరకి దిగేదేమిటన్నాడు అన్న. కాలం మారిందన్నాడు తమ్ముడు. కాలం మారితే కర్పూరం మారుతుందా అన్నాడు అన్న. అలా మాటా మాటా పెరిగి చివరికి, "ఈ మెట్టు దిగినోడివి మళ్ళా ఎక్కబాక" అనేశాడు బాలసుందరం. "నువ్వు పిలిచినా ఎక్కను. నువ్వూ నా మెట్టు ఎక్కొద్దు" అని దామోదరం దిగిపోయాడు. ఇద్దరూ అన్నమాట మీద నిలబడే రకం. బజారులో ఆ గుణానికి గొప్ప పేరుంది. ఇంట్లో మాత్రం దాన్ని మించిన పీడ లేదు.

పోయింది వాళ్ళిద్దరి మాటలే అయితే భువనేశ్వరి ఊరుకునేదేమో. పుష్పవల్లి కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకే కత్తిపీట మీద కూరలు తరుక్కున్నారు. ఒకరి తలనొప్పి ఇంకొకరికి చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు పుష్పవల్లిని చూడాలంటే కందకోట్టం గుడిలో, దొంగల్లా, స్తంభం పక్కన నిలబడి మాట్లాడుకోవాలి. భర్త సంగతి అంతకంటే కష్టంగా ఉంది. ఆయన పైకి ఏమీ అనడు. కాని సాయంత్రం అంగట్లో తనతో ధర దగ్గర వాదించే మనిషి లేక, పద్దు మూసి వీధిలోకి చూస్తూ కూర్చుంటాడు. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే ఇద్దరికీ ఇది అలవాటైపోతుంది, అలవాటైపోయిన దూరాన్ని ఇక ఎవరూ తగ్గించలేరని ఆవిడ భయం. ఆవిడ భయపడేది ఆ ఒక్కదానికే.

రోజూ మగవాళ్ళు అంగళ్ళకి పోయాక తోడికోడళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటారు. అలా ఒకరోజు భువనేశ్వరి తన ఆలోచన చెప్పింది. అన్న తమ్ముడి మెట్టెక్కడు, తమ్ముడు అన్న మెట్టెక్కడు. సరే, ఎవరూ ఎవరి మెట్టూ ఎక్కనక్కర్లేదు. ఇద్దర్నీ తీసుకుపోయి ఇసకలో కూర్చోబెడదాం.

"సముద్రానికి మెట్లేడుండాయి పుష్పా?" అంది.

పుష్పవల్లి పిరికిది. ఈయన కోప్పడి మధ్యలో లేచొచ్చేస్తే ఎట్లా అక్కా అంది. బావ రానంటే ఎట్లా అంది. వాన వస్తే ఎట్లా అని కూడా అంది. భువనేశ్వరి అన్నింటికీ ఒకటే జవాబు చెప్పింది: నేనుండా గదా. మీ మొగుడూ పెళ్ళాలే పోతున్నట్టు మీ ఆయనకి చెప్పు, మిగతాది నాకొదిలేయమంది.

ఆదివారం భోజనాల దగ్గర భర్తతో మహాబలిపురం మాట ఎత్తింది. బాలసుందరం మజ్జిగన్నం కలుపుకుంటూ, మనకు సముద్రం లేకనా, హార్బరు ఈడే ఉండాదే అన్నాడు. హార్బరులో ఓడలూ క్రేన్లూ తప్ప ఏముంది, అక్కడైతే స్థలశయన పెరుమాళ్ గుడి కూడా ఉందంది భువనేశ్వరి. చూద్దాంలే అన్నాడాయన. ఆయన భాషలో చూద్దాం అంటే లేదని అర్థం. కొనుగోలుదారులందరికీ అది తెలుసు. భువనేశ్వరికీ తెలుసు. తెలిసే, దాన్ని సరేనన్నట్టు తీసుకుని సోమవారం పొద్దున రిసార్టుకి ఫోన్ చేసింది.

అవతల ఒక అమ్మాయి మర్యాదగా అన్నీ అడిగింది. భువనేశ్వరి తడుముకోకుండా చెప్పింది. రెండు రూములు. ఒకటి బాలసుందరం పేరు మీద, ఇంకొకటి దామోదరం పేరు మీద. శనివారం రావడం, సోమవారం తెల్లారి పోవడం. ఫోన్ నంబరు అడిగితే అంగడి నంబరు చెప్పింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు గ్యాసుకీ, డాక్టరుకీ, దర్జీకీ అందరికీ ఇచ్చేది ఆ నంబరే. కాపురానికి వచ్చిన కొత్తలో నేర్చుకున్నది, నిద్రలో లేపినా చెబుతారు. చేతిలో సెల్‌ఫోను ఉండి ఎన్నో ఏళ్ళయినా దాని నంబరు మాత్రం ఆవిడకి నోటికి రాదు. ఎవరికి వారు ఫోన్ చేసుకోరు కదా, ఎందుకు గుర్తుంటుంది?

ఆ రాత్రికని మునక్కాయ పులుసు పెట్టింది, బాలసుందరానికి ప్రాణం. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే, "పోదాంలే మహాబలిపురం" అన్నాడు.

పులుసు మహిమ ఇంత త్వరగా పనిచేస్తుందని భువనేశ్వరి కూడా అనుకోలేదు. తనని తాను లోపల్లోపల మెచ్చుకుంది.

"అయితే ఒక సంగతి. శనివారం నాకు చంద్రాష్టమం" అన్నాడాయన.

ఇక్కడ పంచాంగం గురించి చెప్పాలి. చంద్రుడు మన రాశికి ఎనిమిదో ఇంట్లో ఉన్న రోజుల్ని చంద్రాష్టమం అంటారు. ఆ రోజుల్లో మనసు నిలకడగా ఉండదనీ, కొత్త పని మొదలుపెట్టరాదనీ, ప్రయాణం అసలే కూడదనీ నమ్మకం. మద్రాసు వ్యాపారస్థుల్లో దీన్ని పట్టించుకోనివాణ్ణి వెతికి పట్టుకోవడం కష్టం. ఆ ఇంట్లో పంచాంగం పూర్తిగా బాలసుందరం శాఖ. ఎవరికి ఏ రోజు మంచిది కాదో నెల మొదట్లోనే చూసిపెట్టుకుని, ఆ పొద్దున కాఫీ తాగుతూ చెప్పేవాడు. దామోదరం ఉన్న రోజుల్లో, "దామూ, ఇయ్యాల నీకు చంద్రాష్టమం, నోరు కట్టుకో" అని నెలనెలా గుర్తు చేసేవాడు. గొడవ జరిగిన రోజు కూడా పొద్దున్నే చెప్పాడు. దామోదరం నోరు కట్టుకోలేదు. ఇక మిగతావాళ్ళు పంచాంగం తిప్పి చూసిందే లేదు. ఆయన చెబితే అంతే. ఆయన ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

కాబట్టి ఆ మాట వినగానే భువనేశ్వరి గుండె జారినా, మరు నిమిషంలోనే సర్దుకుంది. దేనికైనా విరుగుడు ఉంటుంది.

"పరస్థానం పెడితే పోలా?" అంది.

పరస్థానం అంటే, ప్రయాణానికి రోజు బాగా లేనప్పుడు, అంతకు ముందే ఒక మంచి రోజు చూసి, ప్రయాణం చేసేవాళ్ళ సంచిని ఇల్లు దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచడం. సంచి గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే. తర్వాత ఎప్పుడు కదిలినా అది దారిలో ఉన్నట్టే తప్ప కొత్తగా బయల్దేరినట్టు కాదు. మామగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ఉన్న పద్ధతే ఇది. సరుకు కొనుగోలుకి అన్నదమ్ములిద్దరూ కలిసి పోయే రోజుల్లో ఇద్దరి బట్టలూ ఒకే సంచిలో పెట్టి మైలాపూర్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంచి వచ్చేవారు. పెట్టిన సంచి ప్రయాణం చేయకుండా వెనక్కి రాకూడదు. పెట్టించుకున్న ఇంటివాళ్ళు దాన్ని కాదనకూడదు.

బాలసుందరం చేయి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ ఆలోచించాడు. సరే పెడదాం, కాని ఎవరింట్లో పెడతావని అడిగాడు. పోయేది దక్షిణం దిక్కు కాబట్టి ఇల్లు ఆ దారిలో ఉండాలి. మనవాళ్ళ ఇల్లు అయి ఉండాలి. తీసుకునేటప్పుడు తను వెళ్ళి తన చేత్తోనే ఎత్తుకోవాలి. పెద్దమ్మ పోయాక మైలాపూర్ ఇల్లు లేకపోయింది కదా అన్నాడు.

"నేను చూస్తా" అంది భువనేశ్వరి.

"నువ్వే చూడు. నన్ను అడగబాక" అన్నాడాయన, పడుకోవడానికి పోతూ.

ఆవిడ మంచం మీద పడుకుని చుట్టాలందర్నీ వరసగా తలుచుకుంది. చిన్నమామ కొడుకు మాధవరంలో, ఉత్తరం. ఆడపడుచు తండయార్‌పేటలో, అదీ ఉత్తరమే. మిగిలినవాళ్ళు ఈ నాలుగు వీధుల్లోనే. దక్షిణం దారిలో, మనవాళ్ళు అనిపించుకోగల ఇల్లు ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది టి. నగర్‌లో ఉంది. భువనేశ్వరికి చీకట్లోనే నవ్వొచ్చింది. తన లెక్క తనకే ఇంత చక్కగా కుదురుతుందని ఆవిడ అనుకోలేదు. ఇక సముద్రం దాకా ఆగనక్కర్లేదు. సంచి కోసం ఆయన దిగాల్సిందే, ఆ మెట్టు ఎక్కాల్సిందే. ఎవరూ పిలవలేదు, ఎవరూ తగ్గలేదు. సంచి కోసం పోయాడంతే.

మంగళవారం ఎవరూ మంచి పని మొదలుపెట్టరు. గురువారం దక్షిణానికి శూల, ఆ దిక్కుకి కదలకూడదు. అందుకని బుధవారం పెట్టాలని నిర్ణయమైంది. పొద్దున్నే స్నానం చేసి, బాలసుందరం తన తండ్రి నాటి గోధుమరంగు రెక్సిన్ సంచిని దించి, గదిలో కూర్చుని తనే సర్దుకున్నాడు. పరస్థానం సంచి ఎవరిది వారే సర్దుకోవాలి, ఇంకొకరు తెరవకూడదు. ఒక పంచె, గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము, వక్క, అంతే ఉంటాయి అందులో. భువనేశ్వరి చేతికి తీసుకుంటే కొంచెం బరువుగానే అనిపించింది. కొబ్బరికాయ కూడా పెట్టి ఉంటాడులే అనుకుని ఆటో ఎక్కింది.

టి. నగర్ ఇల్లు చిన్నదే, వీధిలోకి మూడు మెట్లు. పుష్పవల్లి తలుపు తీసి, చేతిలో సంచి చూసి గుర్తుపట్టి, అక్కడే నిలబడిపోయింది. సంగతి విన్నాక వీధిలోకి అటూ ఇటూ చూసింది.

"ఈయన చూస్తే అక్కా?"

"చూడనీ. ఇంట్లోకొచ్చిన పరస్థానం సంచిని బయట పెట్టినోళ్ళు మన వంశంలో ఉండారా?"

పుష్పవల్లి సంచిని పూజగదిలో పీట మీద ఉంచి పసుపూ కుంకుమా పెట్టింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని కాఫీ తాగారు. మూడేళ్ళలో భువనేశ్వరి ఆ ఇంట్లో కాఫీ తాగడం అదే మొదలు. స్తంభం పక్కన కాకుండా పొయ్యి పక్కన కూర్చుని మాట్లాడుకోవడం ఎంత హాయిగా ఉందో ఇద్దరికీ అప్పుడే తెలిసొచ్చింది. లేచేటప్పుడు పుష్పవల్లి ఆవిడ చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మర్నాడు ఫోన్లో మొదటి ప్రశ్న భువనేశ్వరిదే. మరిది చూశాడా? చూశాడు. ఏమన్నాడు?

"ఏమీ అన్లేదక్కా. వాళ్ళ నాయన సంచి గదా, చూస్తానే తెలిసిపోయింది. బావకి శనివారం చంద్రాష్టమం, అందుకని పెట్టినారని చెప్పినా. కాసేపు అట్లనే నిలబడినాడు. మళ్ళా పోయి కాళ్ళు కడుక్కోనొచ్చి దీపం పెట్టినాడు."

ఇక తిరుగు లేదనుకుంది భువనేశ్వరి. ఆ రెండు రోజులూ ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. దారికి పులిహోర, పెరుగన్నం తనవంతు, మురుకులు పుష్పవల్లి వంతు. ఇసకలో తోలు చెప్పులు పాడవుతాయని భర్తకి రబ్బరు చెప్పులు కొంది. టాక్సీ మాట్లాడింది. టి. నగర్‌లో కారు ఆగగానే ఆయనకి చెప్పాల్సిన మాటలు కూడా తయారు చేసుకుంది. పెట్టిన సంచి వెనక్కి రాకూడదు, ఎత్తుకోకుండా ముందుకి పోకూడదు, తమ్ముడి కోసం కాదు, పద్ధతి కోసం దిగండి. పోపు పెడుతూ, గిన్నెలు సర్దుతూ ఆ మాటలే నాలుగైదుసార్లు అనుకుని చూసుకుంది. ఎక్కడా వంక లేదు.

శనివారం రాహుకాలం రాకముందే కారెక్కారు. భువనేశ్వరి డ్రైవరుకి ముందు టి. నగర్ పోనిమ్మని చెప్పి ఓరగా భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వినలేదేమో అనుకుంది. అన్నా సాలై దాటి కారు తిరిగినప్పుడు కూడా ఎక్కడికని అడగలేదు. తను ఇంటిని ఎంత బాగా నడుపుతున్నదీ ఆవిడకి ఆ క్షణంలో మరోసారి రుజువైంది.

కారు దామోదరం ఇంటి ముందు ఆగింది. తలుపు తీసే ఉంది. మూడు మెట్లకీ పుష్పవల్లి తెల్లవారుజామునే ముగ్గు పెట్టినట్టుంది. బాలసుందరం ఆ మెట్ల వైపు చూశాడు. కదల్లేదు.

"సంచి ఈడుండాది. మీరు పోయి..." అని మొదలుపెట్టింది భువనేశ్వరి.

"వాడు ఎక్కొద్దన్నాడు. నాకు గుర్తుండాది" అన్నాడాయన నెమ్మదిగా.

కోపంగా అని ఉంటే ఆవిడకి జవాబు దొరికేది. కోపం లేదు. ఆ గొంతులో ఉన్నది బాధ. అన్నన్నిసార్లు అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మూడేళ్ళ కిందటి మాట ఆయనలో ఇంత పచ్చిగా ఉందని ఆవిడకి తెలియదు. కారు వెనక్కి తిప్పమంటాడేమోనని భయపడింది. ఇంటి ముందు దాకా వచ్చి తిరిగిపోతే, ఇక ఈ జన్మలో ఈ ఇద్దరూ ఎదురుపడరు. అది చేసిందెవరు? తనే. సముద్రం దాకా ఊరుకుని ఉంటే పోయేది కదా, తెలివి ఎక్కువై ఈ మెట్ల ముందుకి తెచ్చి నిలబెట్టిందని తనని తాను తిట్టుకుంది. దేవుడా, వెనక్కి తిప్పమనకుండా చూడు అనుకుంది.

లోపలి నుంచి దామోదరం వచ్చి పై మెట్టు మీద నిలబడ్డాడు. జుట్టు బాగా నెరిసింది. కారులో అన్నని చూశాడు, చూపు తిప్పుకుని వదినతో మాట్లాడాడు.

"వదినా, ఇయ్యాల అన్నకి చంద్రాష్టమం అని ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తారు? మీ అన్నే."

"అన్నది సింహరాశి. పోయిన వారమే అయిపోయింది ఆయనకి." దామోదరం ఈసారి అన్న వైపే చూశాడు. "ఇయ్యాల చంద్రాష్టమం నాకు."

భువనేశ్వరి మెల్లగా భర్త వైపు తిరిగింది. రాహుకాలంలో వచ్చిన లారీని వీధి చివరే ఆపించి, గంటన్నర అయ్యాక సరుకు దించుకునే మనిషి. మునిమాపు వేళ దీపం పెట్టాక ఉప్పు పేరు కూడా ఎత్తని మనిషి. ఆయన పంచాంగం తప్పు చెప్పాడంటే సూర్యుడు పడమట పొడిచాడన్నా నమ్మవచ్చు. బాలసుందరం ఆమె వైపు చూడలేదు. కారు తలుపు తీసుకుని దిగాడు.

చెప్పులు గేటు దగ్గర విడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగి, తర్వాతి రెండూ ఎక్కేశాడు. దామోదరం పక్కకి జరిగి దారిచ్చాడు. రమ్మని ఒకరు అనలేదు, వచ్చానని ఇంకొకరు అనలేదు. భువనేశ్వరి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

బాలసుందరం పూజగదిలో పీట మీది సంచిని తన చేత్తో ఎత్తి, అక్కడే జిప్పు తీశాడు. పైన పంచె. దాని కింద ఇంకో పంచె, నీలం అంచుది. దామోదరం ఆ ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు బీరువాలో ఉండిపోయింది. అంగట్లో పనివాళ్ళకి ఎప్పుడో ఇచ్చేసి ఉంటారనే భువనేశ్వరి అనుకుంటూ వచ్చింది. ఉతికించి, ఇస్త్రీ చేయించి ఉంది. బరువు ఎందుకున్నదో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"ఇయ్యాల నువ్వు బయల్దేరకూడదు. తెలుసునా?" అన్నాడు బాలసుందరం. మూడేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"తెలుసు. చెప్పేవాళ్ళు లేరని నేనే చూసుకుంటా ఉండా నెలనెలా."

"అందుకే నీ పంచె కూడా పెట్టి పంపినా." బాలసుందరం నీలం అంచు పంచె తీసి తమ్ముడి చేతుల్లో పెట్టాడు. "నువ్వు ఇయ్యాల ఈ ఇంట్లోనుంచి బయల్దేరడంలేదురా దామూ. బుధవారమే మనింట్లోనుంచి బయల్దేరేసినావు."

దామోదరం పంచె పట్టుకుని నిలబడ్డాడు. "మనింట్లోనుంచి" అన్నాడు, అడుగుతున్నట్టు కాదు, తనకి తను చెప్పుకుంటున్నట్టు. పంచెని భుజం మీద వేసుకున్నాడు. పుష్పవల్లి వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భువనేశ్వరి అయితే దాచుకోలేదు, అందరి ముందే ఏడ్చేసింది. ఏడుస్తూనే, రాహుకాలం వచ్చేస్తుంది, పదండి పదండి అని తొందరపెట్టింది.

కారులో వెనక సీట్లో ఇద్దరు తోడికోడళ్ళూ, దామోదరమూ కూర్చున్నారు. బాలసుందరం ముందు, డ్రైవరు పక్కన, ఒళ్ళో సంచి పెట్టుకుని. తిరువాన్మియూరు దాటుతుండగా, బిళ్ళ కర్పూరం అట్టపెట్టెలో బాగుంటుందా, ప్లాస్టిక్ డబ్బాలో బాగుంటుందా అన్న దగ్గర మొదలై, సముద్రం కనబడే వేళకి అన్నదమ్ములు గట్టిగా వాదించుకుంటున్నారు. చిల్లర బేరానికి పెట్టె ముఖ్యమంటాడు తమ్ముడు. వాసన ముఖ్యమంటాడు అన్న. పుష్పవల్లి భయంగా అక్క వైపు చూసింది. భువనేశ్వరి మురుకులు నములుతూ, కానీ కానీ అన్నట్టు చేయి ఊపింది. ఈ వాదన కోసమే కదా ఆవిడ మూడేళ్ళుగా చెవులు రిక్కించుకుని ఉంది.

అయినా ఒక సందేహం ఆవిడని నిలవనివ్వలేదు. దామోదరం ప్రయాణం సంగతి ఈయనకి ఎలా తెలిసింది? తను చెప్పలేదు. పుష్పవల్లి చచ్చినా చెప్పదు. వాదన కాస్త సద్దుమణిగాక, బాలసుందరం వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"భువనా, ఇంకోసారి రూములు తీసుకునేటప్పుడు నీ సెల్ నంబరు ఇయ్యి."

భువనేశ్వరి నోట్లో మురుకు అలాగే ఉండిపోయింది.

"సోమవారం మద్యాన్నం ఆ అమ్మాయి అంగడికి ఫోన్ చేసింది. సార్, రెండో రూము దామోదరం అనే పేరు మీద ఉండాది, ఆయన మీకు తెలుసునా, మీతోనే వస్తాండారా అని అడిగింది."

దామోదరం కిటికీ వైపు తిరిగిపోయాడు.

"మీరేమన్నారు?" అని అడిగింది భువనేశ్వరి.

"మా తమ్ముడమ్మా, సముద్రం కనబడే రూము వాడికియ్యి అన్నా."